కెన్యా తీరంలో 40 మెగావాట్ల సోలార్ ప్లాంటు: భూమి ముందా, లైను ముందా?

ఓర్వకల్లు_ఎండ
హైదరాబాద్‌లో ఒక సోలార్ కంపెనీ ప్రాజెక్టుల విభాగంలో పనిచేస్తున్నాను. కెన్యా తీరంలో, కిలిఫీ కౌంటీలో, మొంబాసాకూ మాలిందికీ మధ్య ఎక్కడో ఒక చోట గ్రిడ్‌కు కలిపే 40 మెగావాట్ల ప్లాంటు పెట్టాలని మా వాళ్ల ఆలోచన. మొదటి నివేదిక రాసే పని నాకు అప్పగించారు.

మా పెద్దల లెక్క చాలా సులువుగా ఉంది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరం, ఏడాది పొడవునా ఎండ, భూమి చవక. కాబట్టి వెళ్లి రెండు వందల ఎకరాలు మాట్లాడుకుంటే సగం పని అయిపోయినట్టే అంటున్నారు. నాకు అది మింగుడు పడటం లేదు. నేను కర్నూలు సోలార్ పార్కులో పనిచేశాను. ఆ వెయ్యి మెగావాట్ల పార్కులో భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు ముందే ఏర్పాటు చేసి ఇచ్చారు. కంపెనీలు వచ్చి ప్యానెళ్లు బిగించుకున్నాయి. కిలిఫీలో ఆ ఏర్పాట్లేవీ ఉండవు. ఇల్లు అలకగానే పండగ కాదని మా వాళ్లకు ఎలా చెప్పాలి? అక్కడ పనిచేసినవాళ్లు దేనితో మొదలుపెట్టమంటారు? భూమా, లైనా, కరెంటు కొనేవాళ్లా? సముద్రపు ఉప్పుగాలి గురించి కూడా చెప్పండి.

మొంబాసా_మూర్తి
ముందు సబ్‌స్టేషన్. మిగతావన్నీ తర్వాతే.

నేను చాలా ఏళ్లుగా ఈ తీరంలోనే విద్యుత్ కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. కెన్యాలో పెద్ద ఉత్పత్తి అంతా లోపలి వైపు ఉంది. భూగర్భ ఆవిరితో నడిచే ఓల్కారియా కేంద్రాలు నైవాషా దగ్గర, జలవిద్యుత్తు తానా నది ఎగువన, గాలిమరలు ఉత్తరాన తుర్కానా దగ్గర. మొంబాసా వీటికి చాలా దూరం. నైరోబీ నుంచే దాదాపు 480 కిలోమీటర్లు. పొడవాటి లైను చివర ఉన్న ఊళ్లలో వోల్టేజీ నిలబెట్టడం కష్టం. అందుకే కిపెవులో, రబాయిలో చమురుతో నడిచే కేంద్రాలు పెట్టారు. రబాయిది ఒక్కటే 90 మెగావాట్లు. ఆ చమురు ఖర్చు నేరుగా జనం బిల్లులోకి వస్తుంది. తీరంలో పగటిపూట తయారయ్యే ప్రతి సోలార్ యూనిట్‌కూ ఇక్కడ విలువ ఉన్నది అందుకే.

రబాయి నుంచి మాలింది, గార్సెన్ మీదుగా లాము వరకు 220 కేవీ (కిలోవోల్టుల) లైను ఉంది. మీ స్థలం ఆ దారికి ఎంత దూరం? ఏ సబ్‌స్టేషన్‌లో ఖాళీ బే (కొత్త లైనును కలిపే చోటు) ఉంది? అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోయగలదు? వీటికి జవాబులు వచ్చాకే మ్యాపు మీద భూమి వెతకండి.

వైరింగ్_వెంకట్
మూర్తి గారి మాటకు చిన్న లెక్క కలుపుతాను. 40 మెగావాట్లను 33 కేవీ మీద పంపితే దాదాపు 700 ఆంపియర్లు. 132 కేవీ మీద 175, 220 కేవీ మీద 105. చవక భూమి దొరికిందని సబ్‌స్టేషన్‌కు ఇరవై కిలోమీటర్ల అవతల కొని 33 కేవీ లైను లాగితే, నష్టాలు ఆ చవకను ఒకటి రెండేళ్లలో మింగేస్తాయి. పై వోల్టేజీకి వెళ్తే సొంత ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్లు, రక్షణ పరికరాల ఖర్చు. రెండు దారులకూ విడివిడిగా అంచనా వేయనిదే నివేదిక పూర్తి కాదు.

ఓర్వకల్లు_ఎండ
@మొంబాసా_మూర్తి, ఆ ప్రాంతంలో ఇప్పటికే నడుస్తున్న ప్లాంటు ఉందా? పోల్చి చూసుకోవడానికి.

మొంబాసా_మూర్తి
ఉంది. మాలింది సోలార్. లాంగోబాయా దగ్గర, మొంబాసాకు ఈశాన్యంగా 120 కిలోమీటర్లు. ప్యానెళ్ల వైపు 52 మెగావాట్లు, గ్రిడ్‌కు ఇచ్చేది 40. 2021 డిసెంబరులో మొదలైంది. అక్కడి కరెంటు పంపిణీ సంస్థ కెన్యా పవర్‌తో 20 ఏళ్ల కొనుగోలు ఒప్పందం. గ్లోబెలెక్ అనే సంస్థ స్థానిక భాగస్వామితో కలిసి కట్టింది. అది ఊరి బీచ్ పక్కన లేదు, బాగా లోపలికి ఉంది. ఎందుకో మీరే ఆలోచించండి.

గోదారి_గట్టు
52 మెగావాట్ల ప్యానెళ్లు పెట్టి 40 ఇవ్వడమేమిటి? మిగతా 12 వృథాయేనా?

వైరింగ్_వెంకట్
వృథా కాదు. 52 అన్నది ప్రయోగశాల లెక్క, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటిది. తీరంలో మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 12 శాతం అక్కడే పోతుంది. దుమ్ము, తీగలు, ఇన్వర్టరు (డీసీని ఏసీగా మార్చే యంత్రం) కలిసి ఇంకొంత తింటాయి. పైగా ఉదయం, సాయంత్రం ఎండ పలచగా ఉన్నప్పుడు ప్యానెళ్లు ఎక్కువ ఉంటే ఇన్వర్టరు నిండుగా పనిచేస్తుంది. బాగా ఎండ కాసిన మధ్యాహ్నాల్లో కాసింత ఉత్పత్తిని కోసేయాల్సి వచ్చినా మొత్తం మీద లాభమే.

లెక్కల_లలిత
నైరోబీలో ప్రాజెక్టు రుణాల పని చేస్తాను. మూర్తి గారు సబ్‌స్టేషన్ ముందు అన్నారు. నేను కొనేవాళ్లు ముందు అంటాను. ఒప్పందం లేకపోతే ఖాళీ బే ఉన్నా ఉపయోగం లేదు.

ఇక్కడ గ్రిడ్ కరెంటు కొనేది దాదాపు ఒక్కరే, కెన్యా పవర్. పాత పద్ధతిలో సోలార్‌కు ముందే నిర్ణయించిన ధర ఉండేది, యూనిట్‌కు 12 అమెరికన్ సెంట్లు. మాలింది తరం ప్లాంట్లు ఆ రోజుల్లో పుట్టినవి. 2021లో విధానం మారింది, పెద్ద సోలార్, గాలి ప్రాజెక్టులను వేలం వైపు మళ్లించారు. అదే ఏడాది అధ్యక్షుడు వేసిన కార్యదళం కొనుగోలు ఒప్పందాలన్నింటినీ సమీక్షించి, ధరలు తగ్గించాలని చెప్పింది. కొత్త ఒప్పందాలు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒప్పందాల సమీక్ష మొదలైనప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2022 మార్చిలో హైకోర్టు ఉత్పత్తిదారుల వైపు తీర్పు ఇచ్చేలోపు ఎన్ని కంపెనీలకు బకాయిలు పేరుకుపోయాయి! బ్యాంకువాళ్లు ఆ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు.

కాబట్టి మీ నివేదికలో మొదటి పేజీ ఇదే కావాలి: ఎవరు కొంటారు, ఏ కరెన్సీలో, డబ్బు ఆగితే ఎవరు హామీ? కెన్యా ప్రభుత్వం ఇలాంటి ప్రాజెక్టులకు పూర్తి సార్వభౌమ హామీ (చెల్లింపులకు ప్రభుత్వమే పూచీ పడటం) ఇవ్వడానికి ఇష్టపడదు, మద్దతు లేఖ ఇస్తుంది. ఆ లేఖలో ఏముందో ఒక్కో పదం చదివాకే రుణదాత ముందుకు వస్తాడు.

రాయలసీమ_రైతుబిడ్డ
లలిత గారూ, ధర డాలర్లలో పెట్టుకోవడం మీ బ్యాంకులకు బాగానే ఉంటుంది. షిల్లింగ్ పడిపోతే నష్టం ఎవరికి? జీతం షిల్లింగుల్లో తీసుకునే సామాన్యుడికి. అది న్యాయమా?

లెక్కల_లలిత
మీ ప్రశ్న న్యాయమైనదే, కొట్టిపారేయను. లెక్క వేసి చూపిస్తాను. ప్యానెళ్ల సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్‌కు ఏడాదికి 1,600 యూనిట్లు వస్తాయనుకుందాం. 52 మెగావాట్లకు సుమారు 8.3 కోట్ల యూనిట్లు. 12 సెంట్ల చొప్పున కోటి డాలర్లు. డాలరు 130 షిల్లింగులైతే 130 కోట్ల షిల్లింగుల బిల్లు. 2024 జనవరిలో డాలరు 160 దాకా వెళ్లింది. అదే ధర నిలిచి ఉంటే అవే యూనిట్లకు 160 కోట్లు. ఎండ మారలేదు, ప్యానెల్ మారలేదు, జనం కట్టేది మాత్రం 30 కోట్లు పెరిగినట్టు. తర్వాత షిల్లింగ్ కోలుకుంది కానీ ఆ కొన్ని నెలలు బిల్లులు చూసి జనం ఎంత మండిపడ్డారో నేను చూశాను.

అయినా డాలర్లు ఎందుకంటే, అప్పు డాలర్లలో వస్తుంది కాబట్టి. మాలిందికి బ్రిటన్, జర్మనీల అభివృద్ధి రుణ సంస్థలు కలిసి 5.2 కోట్ల డాలర్లు ఇచ్చాయి. అంత దీర్ఘకాలానికి ఇక్కడి బ్యాంకులు షిల్లింగుల్లో ఇస్తే వడ్డీ ఎక్కడో ఉంటుంది, ఆ భారమూ జనం మీదే. ధరలో కొంత భాగం, కనీసం నిర్వహణ ఖర్చుల భాగం, షిల్లింగుల్లో పెట్టాలన్నది నా అభిప్రాయం. జీతాలు, కాపలా, గడ్డి కోత, అన్నీ షిల్లింగుల్లోనే ఖర్చవుతాయి కదా.

రాయలసీమ_రైతుబిడ్డ
ఆ చివరి మాటకు ఒప్పుకుంటాను. ఇక రెండో ప్రశ్న. రెండు వందల ఎకరాలు అంటున్నారు, అక్కడ ఇప్పుడు ఎవరున్నారు? మా వైపు సోలార్ వచ్చినప్పుడు "బీడు భూమి" అని కాగితాల్లో రాశారు. ఆ బీడులోనే మా గొర్రెలు మేసేవి.

తీరంనేల
ఇది నా రంగం. కిలిఫీ ప్రాంతంలో భూమి హక్కుల మీద పరిశోధన చేస్తున్నాను, అందుకే వివరంగా రాస్తాను.

కెన్యా తీరంలో భూమి సమస్య మిగతా దేశంలా ఉండదు. ఒకప్పుడు పది మైళ్ల వెడల్పున తీరప్రాంతం జాంజిబార్ సుల్తాను ఏలుబడిలో ఉండేది. బ్రిటిష్ పాలనలో 1908లో వచ్చిన భూ యాజమాన్య చట్టం ప్రకారం, దస్తావేజులు చూపించగలిగినవాళ్లకు పట్టాలు దక్కాయి. మిజికెండా ప్రజలు, ముఖ్యంగా గిరియామాలు, తరతరాలుగా సాగు చేసుకుంటున్నా కాగితం లేక ప్రభుత్వ భూమిలో ఉన్నవాళ్లయ్యారు, లేదా ఎన్నడూ చూడని యజమాని భూమిలో ఆక్రమణదారులయ్యారు. ఈ రోజుకీ పట్టా ఒకరిది, జీడిమామిడి, కొబ్బరి చెట్లు ఇంకొకరివి, సమాధులు మూడో కుటుంబానివి అన్న స్థలాలు చాలా ఉన్నాయి. రిజిస్ట్రీలో వివాదం లేదని తేలితే భూమి మీద వివాదం లేనట్టు కాదు.

చట్టం సంగతి. 2010 రాజ్యాంగం ప్రకారం విదేశీయులకు, విదేశీ వాటా ఉన్న కంపెనీలకు సొంత హక్కు రాదు, గరిష్ఠంగా 99 ఏళ్ల కౌలు మాత్రమే. వ్యవసాయ భూమి అయితే భూ నియంత్రణ బోర్డు అనుమతి పెద్ద అడ్డంకి, వినియోగ మార్పిడి చేయించాలి. సముదాయ భూమి అయితే 2016 చట్టం వర్తిస్తుంది, ఆ సముదాయం సభ పెట్టి ఒప్పుకోవాలి.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో రెండు ఉదాహరణలు. కినాంగోప్‌లో 60 మెగావాట్ల గాలి ప్రాజెక్టు స్థానికుల ఆందోళనతో 2016లో మూతపడింది. తుర్కానా గాలి ప్రాజెక్టు అప్పటికే నడుస్తున్నా, 2021లో మేరు కోర్టు దాని భూమి పట్టాలు సక్రమంగా జారీ కాలేదని తీర్పు చెప్పింది. గ్రిడ్‌కు కలిసిపోయాం కదా, ఇక భయం లేదనుకోవడానికి లేదు.

కాయాల గురించి కూడా. కాయా అంటే మిజికెండాల పవిత్ర వనం. 2008లో యునెస్కో వాటిలో కొన్నింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అరబుకో సోకోకే అడవి కూడా మీరు చెబుతున్న ప్రాంతంలోనే ఉంది. వీటి దరిదాపుల్లో లైను గీయవద్దు.

గోదారి_గట్టు
పట్టా ఒకరిది, చెట్లు ఇంకొకరివి, సమాధులు మూడోవాళ్లవి. ఈ ఒక్క వాక్యం అచ్చువేసి వాళ్ల పెద్దల బల్ల మీద పెట్టండి.

ఓర్వకల్లు_ఎండ
@తీరంనేల, చాలా ఉపయోగపడే సమాచారం. కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కులో చేసినట్టు కౌలు పద్ధతి అక్కడ కుదురుతుందా? యజమానులు భూమి అమ్ముకోరు, ఏటా కౌలు వస్తుంది.

పావగడ_పిల్లోడు
మాది పావగడ. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. కౌలు గురించి మా అనుభవం రెండు వైపులా ఉంది. సుమారు 13 వేల ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వరసగా కరువులు చూసిన నేలలో పట్టాదారులకు అది నిజంగా ఊరట. మా మామయ్య అప్పులు తీర్చుకున్నాడు. కానీ అదే పొలంలో కూలికి వెళ్లే కుటుంబానికి కౌలూ రాలేదు, కూలీ పోయింది. కొందరు ఊరు వదిలి వెళ్లారు. తీరంనేల గారు చెప్పిన కిలిఫీలో పట్టా లేని సాగుదారులే ఎక్కువైతే, కౌలు డబ్బు ఎక్కడో ఉన్న యజమాని ఖాతాలో పడుతుంది, నేల వదిలేవాడికి ఏమీ రాదు. పావగడ పద్ధతిని యథాతథంగా తీసుకెళ్లకండి.

తీరంనేల
సరిగ్గా అదే చెప్పబోయాను. పట్టాదారుకు ఇచ్చే కౌలు వేరు, సాగు చేసేవాళ్లకు ఇచ్చే పరిహారం వేరు. చెట్టు లెక్కన, గుడిసె లెక్కన, మేత దారి లెక్కన విడిగా రాయాలి. రుణం ఇచ్చే అంతర్జాతీయ సంస్థలు కూడా కాగితం ఉన్నా లేకపోయినా జీవనాధారం పోయినవాళ్లను లెక్కించమంటాయి.

లెక్కల_లలిత
అవును. ఆ జాబితా లేకుండా ఏ అభివృద్ధి బ్యాంకూ సంతకం పెట్టదు. నేను దాన్ని బ్యాంకు షరతుగా మాత్రమే చూడను, అది చేసితీరాల్సిన పని.

ఉప్పుగాలి
విశాఖలో నిర్వహణ పని చేస్తాను. మా దగ్గర సింహాద్రి జలాశయం మీద 25 మెగావాట్ల తేలే సోలార్ 2021లో వచ్చింది, సముద్రం పక్కనే. ఉప్పు గాలి ఇనుమును ఎలా తింటుందో ఈ తీరంలో పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

ప్యానెల్ కొనేటప్పుడు ఐఈసీ 61701 ఉప్పుపొగ పరీక్ష ఏ తీవ్రతలో పాసైందో చూడండి. "పాస్" అన్న మాట చాలదు, తీవ్రత ముఖ్యం. అయితే అద్దం, సెల్లు అంత తొందరగా పోవు. ముందు పోయేవి చిన్నవి: క్లాంపులు, బోల్టులు, కనెక్టర్లు, ఎర్తింగు పట్టీలు. అల్యూమినియం ఫ్రేముకు మామూలు ఉక్కు బోల్టు బిగిస్తే తేమ, ఉప్పు కలిసి ఆ రెండింటి మధ్య తుప్పు పుట్టిస్తాయి. నిర్మాణ స్తంభాలకు వేడి జింకు పూత మందం ఎంతో ఒప్పందంలో మైక్రాన్లలో రాయించండి. సైటులో కోసిన చోట, డ్రిల్ చేసిన చోట పూత పోతుంది. అక్కడ మళ్లీ పూయకపోతే రెండో వర్షాకాలానికే ఎర్రగా కారడం మొదలవుతుంది.

ఇంకొకటి. వేడి, తేమ, ఎక్కువ డీసీ వోల్టేజీ కలిసినప్పుడు ప్యానెళ్లలో లీకేజీ కరెంటు వల్ల సామర్థ్యం మెల్లగా తగ్గిపోతుంది. దాన్ని పీఐడీ అంటారు. ఆ పరీక్ష నివేదిక కూడా అడగండి. ఇన్వర్టరు గదికి బయటి గాలిని నేరుగా లాగే ఫ్యాన్లు పెట్టకండి.

మొంబాసా_మూర్తి
@ఉప్పుగాలి, మీరు చెప్పినవన్నీ బీచ్ పక్కన నిజం. కానీ లోపలికి ఇరవై ముప్పై కిలోమీటర్లు వెళ్తే ఉప్పు బాగా తగ్గిపోతుంది, ఎర్ర మట్టి దుమ్ము మొదలవుతుంది. మాలింది ప్లాంటు లోపలికి ఉందని నేను అందుకే గుర్తుచేశాను. బీచ్ భూమి ధర హోటళ్ల వల్ల ఆకాశంలో ఉంటుంది, తుప్పు అదనం. రెండు కారణాలూ లోపలికే తోస్తాయి.

ఉప్పుగాలి
ఒప్పుకుంటున్నాను, దూరం పెరిగితే ఉప్పు తగ్గుతుంది. అయినా గాలి దిశను బట్టి సీజన్‌లో తేడా ఉంటుంది. స్థలం ఖాయం చేసేముందు అక్కడ నాలుగు రకాల లోహపు ముక్కలు ఏడాది పాటు వేలాడదీసి తుప్పు కొలవడానికి ఖర్చు ఎంత? దాదాపు సున్నా. ఇరవై ఏళ్ల ప్లాంటుకు ఆ ఏడాది కొలత కావాలి.

మొంబాసా_మూర్తి
అది మంచి మాట. మా వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా వీచే ఈశాన్య గాలిని కస్కాజి అంటారు, ఏప్రిల్ నుంచి వీచే ఆగ్నేయ గాలి కుసి. కుసి బలంగా ఉంటుంది, సముద్రం మీద నుంచి వస్తుంది. కొలిస్తే రెండింటిలోనూ కొలవాలి.

సందేహాల_సరోజ
ప్యానెళ్లు మన దగ్గర దక్షిణానికి వాలుస్తాం కదా, అక్కడ ఏ దిక్కుకు?

వైరింగ్_వెంకట్
కిలిఫీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి ఉత్తరానికి. అయితే మూడు నాలుగు డిగ్రీలే కాబట్టి సూర్యుడు కొన్ని నెలలు ఉత్తరాన, కొన్ని నెలలు దక్షిణాన నడుస్తాడు, దిక్కు వల్ల తేడా తక్కువ. లెక్క ప్రకారం దాదాపు చదునుగా పెట్టినా చాలు, కానీ వాన నీళ్లతో దుమ్ము జారిపోవడానికి పది డిగ్రీల వాలు ఇస్తారు. తూర్పు నుంచి పడమరకు తిరిగే ట్రాకర్లకు ఇలాంటి చోటు చాలా అనువు.

సందేహాల_సరోజ
మా నాన్నగారు వాస్తు చూసి ఉత్తరం మంచిదే అంటారు 🙂

లెక్కల_లలిత
వాతావరణం గురించి బ్యాంకు వైపు నుంచి ఒక మాట. ఉపగ్రహ లెక్కలు చూపించి ఇంత ఎండ అంటే మేము నమ్మి అప్పు ఇవ్వము. స్థలంలో కనీసం ఏడాది పాటు పైరానోమీటర్ (ఎండ తీవ్రత కొలిచే పరికరం) పెట్టి కొలవాలి. మార్చి చివర మొదలయ్యే పెద్ద వానలు, అక్టోబరు నుంచి చిన్న వానలు, రెండూ ఆ కొలతలో పడాలి. సగటు ఏడాది ఉత్పత్తి ఒక అంకె, పదేళ్లలో తొమ్మిదేళ్లు తప్పకుండా దాటే ఉత్పత్తి ఇంకో అంకె. కిస్తీలు ఆ రెండో అంకె మీదే కడతాం.

నకాలా_నాయుడు
మొజాంబిక్ నుంచి. మా దేశంలో రెండు పెద్ద సోలార్ ప్లాంట్లు గ్రిడ్‌కు కలిశాయి. 2019లో మొకుబాలో 40 మెగావాట్లు, ఆ తర్వాత కాబో డెల్గాడోలో మెటోరో దగ్గర 41. రెండింటిలోనూ ప్రభుత్వ విద్యుత్ సంస్థకు వాటా ఉంది. కొనేవాడే వాటాదారు అయితే బిల్లు ఆపడానికి కాస్త ఆలోచిస్తాడు. లలిత గారు దీన్ని గమనించాలి.

తుపానుల విషయంలో కెన్యావాళ్లు అదృష్టవంతులు. 2019లో ఇదై బేరా మీద, ఆరు వారాలకే కెన్నెత్ కాబో డెల్గాడో మీద విరుచుకుపడ్డాయి. భూమధ్యరేఖకు అంత దగ్గర కాబట్టి కిలిఫీ దాకా తుపానులు రావడం అరుదు. మేము ప్రతి స్తంభం లోతు, ప్రతి బోల్టు బిగువు తుపాను గాలికి లెక్క వేయాలి.

లెక్కల_లలిత
@నకాలా_నాయుడు, వాటా ఉంటే బిల్లు ఆగదనడం అతి ఆశ. విద్యుత్ సంస్థ దగ్గర డబ్బే లేకపోతే సొంత ప్లాంటు బిల్లు కూడా ఆగుతుంది. నేను చెల్లింపు భద్రతా ఖాతానే (బిల్లుల కోసం ముందే డబ్బు పక్కన పెట్టే ఖాతా) నమ్ముతాను.

నకాలా_నాయుడు
డబ్బు లేనప్పుడు సరే. డబ్బు ఉండి ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వాటా పనిచేస్తుంది. ఇద్దరం వేర్వేరు రోజుల గురించి మాట్లాడుతున్నాం.

కడప_కిరణం
ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాను. కెన్యాలో గరిష్ఠ వాడకం రాత్రి ఏడు, ఎనిమిది గంటలకు. అప్పుడు సోలార్ ఉండదు. ఆ దేశంలో కరెంటులో సగానికి దగ్గరగా భూగర్భ ఆవిరి నుంచే వస్తుంది, అది పగలూ రాత్రీ ఒకేలా వస్తుంది. 2022 చివరి నుంచి ఇథియోపియా నుంచి జలవిద్యుత్తు కూడా కొంటున్నారు. ఇక పగటి సోలార్ ఎవరికి కావాలి? బ్యాటరీ లేకుండా ఇప్పుడు ఎవరైనా కొత్త సోలార్ ప్రతిపాదిస్తే నేనైతే తిప్పిపంపుతాను.

మొంబాసా_మూర్తి
కిరణం గారూ, దేశం మొత్తం లెక్క వేస్తే మీరు చెప్పింది నిజం. తీరం లెక్క వేరు. సిమెంటు ఫ్యాక్టరీలు, రేవు, హోటళ్ల ఏసీలు పగలు నడుస్తాయి. ఓల్కారియాలో ఆవిరి మిగిలినా అది మొంబాసా దాకా రావాలంటే లైను మోయాలి, వోల్టేజీ నిలవాలి. ఆ లోటు పూడ్చడానికే ఇక్కడ చమురు మండించారు.

కడప_కిరణం
లైన్లు బలపడితే? మీ వాదన లైను బలహీనంగా ఉన్నంత కాలమే నిలుస్తుంది. ప్లాంటు ఇరవై ఏళ్లు ఉండాలి.

మొంబాసా_మూర్తి
అది గట్టి ప్రశ్నే. జవాబుగా ఒకటి చెబుతాను. సోలార్ ఇన్వర్టర్లు రాత్రి యూనిట్లు ఇవ్వకపోయినా రియాక్టివ్ పవర్ ఇచ్చి వోల్టేజీని నిలబెట్టగలవు. ఒప్పందంలో ఆ సేవను కొనేలా రాయించుకుంటే ప్లాంటుకు రాత్రి కూడా పని ఉంటుంది. ఇక బ్యాటరీ కోసం స్థలం, బే, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఇప్పుడే వదిలిపెట్టండి. కట్టడం తర్వాత చూసుకోవచ్చు.

కడప_కిరణం
స్థలం వదిలితే సగం రాజీ. రెండు గంటల బ్యాటరీకి ధర వేసి పక్కన పెట్టండి, అప్పుడు పూర్తిగా ఒప్పుకుంటాను.

వైరింగ్_వెంకట్
వోల్టేజీ మాట వచ్చింది కాబట్టి. 2023 ఆగస్టు 25 రాత్రి కెన్యా అంతటా కరెంటు పోయింది, నైరోబీ విమానాశ్రయం కూడా చీకట్లో పడింది. దేశం మొత్తం గరిష్ఠ వాడకం 2,000 మెగావాట్లు దాటిన స్థాయిలోనే ఉన్న గ్రిడ్‌లో ఒక పెద్ద కేంద్రం ఊడితే ఫ్రీక్వెన్సీ గబుక్కున పడిపోతుంది. అలాంటప్పుడు మీ ఇన్వర్టర్లు భయపడి ఒక్కసారిగా ఆగిపోతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. వోల్టేజీ కొన్ని క్షణాలు పడినా పట్టుకుని ఉండాలని గ్రిడ్ నిబంధన. ఫ్యాక్టరీ సెట్టింగులతో వదిలేయకండి, ఆ సబ్‌స్టేషన్ షార్ట్ సర్క్యూట్ స్థాయి (అక్కడ గ్రిడ్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) తీసుకుని అధ్యయనం చేయించండి.

ఓర్వకల్లు_ఎండ
మా వాళ్లలో ఒకరు "లైను ప్రభుత్వం వేస్తుందిలే, ఆలస్యమైతే మనకే పరిహారం వస్తుంది" అన్నారు. ఇది నిజమా?

లెక్కల_లలిత
తుర్కానా కథ వాళ్లకు చెప్పండి. 365 గాలిమరలు, 310 మెగావాట్లు, 2017కే నిలబడ్డాయి. సుస్వా సబ్‌స్టేషన్ దాకా 400 కిలోమీటర్లకు పైగా లైను కావాలి. అది వేయాల్సిన స్పెయిన్ కాంట్రాక్టరు దివాలా తీశాడు. 2018 సెప్టెంబరు దాకా ఒక్క యూనిట్ గ్రిడ్‌లోకి రాలేదు. ఒప్పందంలో ఉన్న షరతు ప్రకారం, తీసుకోని కరెంటును తీసుకున్నట్టే లెక్కగట్టి చెల్లించాల్సి వచ్చింది. ఆ భారం తిరిగి ప్రజల నెత్తినే. ఆ తర్వాత ఇలాంటి షరతు అనగానే ప్రభుత్వం ఉలిక్కిపడుతోంది. పరిహారం నమ్ముకుని ప్రాజెక్టు కట్టవద్దు. లైను మీరే కట్టి అప్పగించే పద్ధతికి ధర వేయండి.

రాయలసీమ_రైతుబిడ్డ
చీకట్లో ఉన్న పల్లె మీద నుంచి లైను వెళ్లి, ఆ పల్లెకు కరెంటు రాకపోవడం నేను మా వైపు చూశాను. కిలిఫీలోనూ అంతేనా?

తీరంనేల
పట్టణాల్లో కరెంటు తీగలు ఉన్నాయి, లోపలి గిరియామా ఇళ్లలో ఇంకా చాలా వాటికి లేవు. 2015లో ప్రభుత్వం చివరి మైలు పథకం పెట్టింది, ట్రాన్స్‌ఫార్మర్‌కు 600 మీటర్లలోపు ఉన్న ఇళ్లకు 15 వేల షిల్లింగులకే కనెక్షన్. మంచి పథకం. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మరే దూరంగా ఉన్న ఊరికి ఏం లాభం? ప్లాంటు కరెంటు 220 కేవీ లైన్లోకి వెళ్తుంది, పక్క ఇంటి బల్బులోకి రాదు. సభలో జనం మొదట అడిగే ప్రశ్న ఇదే: మా నేల మీద కరెంటు పుడుతుంది, మా ఇంట్లో ఎందుకు వెలగదు? అప్పుడు సబ్‌స్టేషన్ చిత్రాలు చూపిస్తే కోపం పెరుగుతుంది. చుట్టూ ఉన్న ఊళ్లకు, బడికి, వైద్యశాలకు పంపిణీ లైను వేయడానికి డబ్బు ప్రాజెక్టు ఖర్చులోనే పెట్టండి, దానం పద్దులో కాదు.

కడప_కిరణం
దానికి కౌంటీ, కెన్యా పవర్ ఒప్పుకోవాలి కదా?

తీరంనేల
ఒప్పుకోవాలి, కాబట్టే ముందే మొదలుపెట్టమంటున్నాను. లాములో 1,050 మెగావాట్ల బొగ్గు కేంద్రం లైసెన్సును 2019 జూన్‌లో జాతీయ పర్యావరణ ట్రిబ్యునల్ రద్దు చేసింది. ప్రజల భాగస్వామ్యం సరిగా జరగలేదన్నది ముఖ్య కారణాల్లో ఒకటి. బొగ్గు వేరు, సోలార్ వేరు, కానీ చట్టం అదే. సభ ప్రకటన స్వాహిలీలో, గిరియామాలో ఇవ్వాలి. వానలు పడి అందరూ పొలాల్లో ఉన్న వారం పెట్టి ఎవరూ రాలేదని రాసుకోకూడదు. ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి, నీళ్ల దారి, కట్టెల దారి వాళ్లకే తెలుసు.

ఉప్పుగాలి
నీళ్లు అన్నారు కాబట్టి, ప్యానెళ్లు కడగడానికి నీళ్లు ఎక్కడివి? లోపలి ఊళ్లలో తాగునీటికే కష్టమైతే ఆ బోరు మీద మీరు ట్యాంకర్లు పెట్టకండి.

మొంబాసా_మూర్తి
పొడి బ్రష్షుతో తుడిచే యంత్రాలు వాడుతున్నారు. వానల్లో దుమ్ము దానంతట అదే పోతుంది, జనవరి నుంచి మార్చి దాకా మాత్రం శ్రద్ధ కావాలి. సామాను గురించి కూడా: మొంబాసా రేవు పక్కనే కావడం పెద్ద వరం, కంటైనర్లు దేశం లోపలికి ఈడ్చే ఖర్చు ఉండదు. పన్నుల మీద ఓ కన్నేయండి. 2020లో సోలార్ పరికరాలకు వ్యాట్ మినహాయింపు తీసేసి మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చారు. ఆర్డరు పెట్టే నెలలో నియమం ఏమిటో చూసుకోవాలి.

ఓర్వకల్లు_ఎండ
అందరి మాటలూ కలిపి నివేదిక క్రమం మార్చాను. మొదట కొనుగోలుదారు, చెల్లింపు భద్రత. తర్వాత 220 కేవీ దారి వెంట సబ్‌స్టేషన్ల జాబితా, ఖాళీ సామర్థ్యం. మూడోది ఆ సబ్‌స్టేషన్లకు పది కిలోమీటర్లలోపు భూమి, ప్రతి స్థలానికీ పట్టాదారు, సాగుదారు, చెట్లు, సమాధులు, దారులు వేర్వేరు గడుల్లో. ఊళ్ల పంపిణీ లైను ఖర్చు ప్రాజెక్టు పద్దులో చేర్చాను. బ్యాటరీ ధర అనుబంధంలో ఉంది, కిరణం గారి కోసం రెండు గంటలది. భూమి బయానా ఇప్పుడే ఇవ్వకూడదని మొదటి పేజీలోనే రాశాను. సోమవారం సమావేశం.

లెక్కల_లలిత
లైను మీరే కట్టే పద్ధతికి ధర పెట్టారా?

ఓర్వకల్లు_ఎండ
రెండు పద్ధతులకూ పెట్టాను, 33 కేవీకి, 220 కేవీకి. పది కిలోమీటర్లు దాటితే 33 నిలవడం లేదు.

తీరంనేల
పది కిలోమీటర్ల గీత గీసేముందు ఆ వలయంలో కాయా వనాలు, అరబుకో సోకోకే హద్దులు తీసేయండి. ఆ మ్యాపు నా దగ్గర ఉంది, ఈ రాత్రి పంపిస్తాను.

మొంబాసా_మూర్తి
సబ్‌స్టేషన్ సామర్థ్యం మ్యాపు మీద చూసి రాయవద్దు. లిఖితపూర్వకంగా అడిగి, ఏ తేదీ నాటి లెక్కో జవాబులో ఉండేలా చూసుకోండి. అదే బే కోసం మీకంటే ముందు ఇంకెవరైనా దరఖాస్తు పెట్టారేమో కూడా అదే ఉత్తరంలో అడగండి.